మిడెన్‌బేమ్‌స్టర్: సరస్సు అడుగున గళ్లు గీసి కట్టిన ఊరు

ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల దూరంలో మిడెన్‌బేమ్‌స్టర్ అనే చిన్న ఊరుంది. రెండు తిన్నటి రోడ్లు నిలువూ అడ్డంగా వచ్చి ఊరి నడిబొడ్డున కలుస్తాయి. ఆ కూడలి దగ్గరే చర్చి, దానికెదురుగా సంత జరిగే ఖాళీ జాగా. చుట్టూ పచ్చిక, ఆవులు, పిరమిడ్ లాంటి కప్పులున్న రైతుల ఇళ్లు. ఇదంతా సముద్రమట్టానికి సుమారు మూడున్నర మీటర్ల కింద ఉంది. 1612కి ముందు ఇక్కడ పడవలు తిరిగేవి, వలలు వేసేవాళ్లు.

ఈ ఊరి చరిత్ర చెప్పేటప్పుడు అందరూ ఒకే పేరుతో మొదలుపెడతారు: యాన్ ఆడ్రియాన్‌జోన్ లేఖ్‌వాటర్. 1575లో పక్కనే ఉన్న డె రైప్ గ్రామంలో పుట్టిన వడ్రంగి, గాలిమరల మేస్త్రీ. సరస్సును ఎండగట్టిన మహానుభావుడు ఆయనే అని పిల్లల పాఠాల్లో చదువుకుంటారు. మేస్త్రీగా ఆయన పనితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ పథకం ఆయనది కాదు, డబ్బు ఆయనది కాదు, భూమి కొలిచింది ఆయన కాదు. గాలిమరల పని చూసుకోవడానికి కుదుర్చుకున్న మనుషుల్లో ఆయనొకడు. ముసలితనంలో ఆయన చేసిన పనుల గురించి తనే రాసుకున్నాడు, ఆ రాతలు నిలిచాయి, పేరూ నిలిచింది. జమాఖర్చుల పుస్తకాలు రాసినవాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. నా మటుకు నాకు ఈ ఊరి అసలు చరిత్ర ఆ జమాఖర్చుల్లోనే ఉంది: ఎంత నీరు, ఎన్ని మరలు, ఎవరి వాటా ఎంత, కాలువ పూడిక తీసే ఖర్చు ఎవరిది.

ముందు అక్కడ బేమ్‌స్టర్ అనే సరస్సు ఎలా వచ్చిందో చూడాలి, ఎందుకంటే అది దేవుడిచ్చిన సరస్సు కాదు. వెయ్యేళ్ల కిందట అదంతా పీట్ నేల. నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా మిగిలిపోయిన నాచు, రెల్లు వేల ఏళ్లపాటు పొరలు పొరలుగా పేరుకుంటే తయారయ్యే మెత్తటి నల్లనేల అది. మధ్యయుగంలో రైతులు అందులో కాలువలు తవ్వి నీరు దించేసి సాగు మొదలుపెట్టారు. పీట్‌తో వచ్చే చిక్కు ఇక్కడే. తడిగా ఉన్నంతకాలం ఉబ్బి ఉంటుంది, ఎండిందంటే కుంచించుకుపోతుంది, పైగా గాలి తగిలి నెమ్మదిగా హరించుకుపోతుంది. నేల దిగేకొద్దీ కాలువలు ఇంకా లోతు చేయాలి, లోతు చేసేకొద్దీ నేల ఇంకా దిగుతుంది. ఈ లోగా 12, 13 శతాబ్దాల తుపాను ఉప్పెనలు వచ్చి, అక్కడ పారే చిన్న ఏటిని వెడల్పు చేసి, జౌడర్‌జే అనే ఉప్పునీటి అఖాతంతో కలిపేశాయి. ఆ తర్వాత పని గాలి చూసుకుంది. పెద్ద నీటి మీద పెద్ద అల లేస్తుంది, పెద్ద అల ఒడ్డును ఎక్కువ కోస్తుంది, ఒడ్డు తెగేకొద్దీ నీరు ఇంకా పెద్దదవుతుంది. ఒడ్డున ఉన్న ఊళ్ల పొలాలు ఏటా కొంత చొప్పున సరస్సు పాలయ్యేవి.

ఇందులో ఒక మేలు కూడా దాగి ఉంది. పైనున్న పీట్ కొట్టుకుపోయాక అడుగున పాత సముద్రపు ఒండ్రు తేలింది. జిగటగా, సారవంతంగా ఉండే మట్టి. ఎండగట్టిన ప్రతి సరస్సు అడుగునా ఇలాంటి నేలే దొరకలేదు. బేమ్‌స్టర్ మదుపుదారులకు లాభం వచ్చిందంటే అందులో ఈ మట్టి పాత్ర చాలా ఉంది.

మదుపుదారుల్లో ముందు నిలబడినవాడు డిర్క్ వాన్ ఓస్, ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు. ఈ పేరు తెలుగువాళ్లు కాస్త గుర్తుపెట్టుకోవాల్సిందే. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ వాటాలకు చందాలు రాయించుకున్నది ఈయన ఇంట్లోనే. ఆ కంపెనీ 1605-06లో మచిలీపట్నంలో దిగి, గోల్కొండ సుల్తాను అనుమతితో అద్దకపు బట్టల వ్యాపారానికి కోఠీ తెరిచింది. మరుసటి ఏడాదే, 1607 మేలో, వాన్ ఓస్ బృందం బేమ్‌స్టర్‌ను ఎండగట్టే హక్కు పత్రం సంపాదించింది. మచిలీపట్నం లాభాలతో బేమ్‌స్టర్ తవ్వారని చెబితే అది కల్పనే అవుతుంది, అప్పటికి అన్ని లాభాలు రాలేదు. కలిసేది పద్ధతి దగ్గర: నష్టం ఒక్కరి నెత్తిన పడకుండా పెద్ద పనిని వాటాలుగా పంచుకోవడం. ఓడల విషయంలో నేర్చుకున్న ఆ విద్యనే ఇక్కడ నీటి మీద ప్రయోగించారు. 120 మందికి పైగా వాటాదారులు చేరారు. ఆమ్‌స్టర్‌డామ్ జనాభా పెరుగుతోంది, ధాన్యం ధర ఎక్కువగా ఉంది, నగరానికి ఇంత దగ్గర్లో కొత్త భూమి అంటే ఎవరికి చేదు!

ఎంత నీరో మనకు అలవాటైన కొలతలో చెబుతాను. సరస్సు వైశాల్యం సుమారు 7,200 హెక్టార్లు, అంటే దగ్గర దగ్గర 17,800 ఎకరాలు. సగటు లోతు మూడు మీటర్లు వేసుకున్నా ఏడున్నర టీఎంసీలు దాటుతుంది. ప్రకాశం బ్యారేజీలో నిల్వ ఉండేది మూడు టీఎంసీలు. అలాంటివి రెండున్నర బ్యారేజీల నీటిని చెక్క చక్రాలతో, గాలి వీచినప్పుడు మాత్రమే, ఎత్తి అవతల పోయాలి. మధ్యలో పడే వాన, అడుగు నుంచి ఊరే ఊటనీరు దీనికి అదనం.

పని వరస ఇదీ. ముందు సరస్సు చుట్టూ దాదాపు 40 కిలోమీటర్ల పొడవున కాలువ తవ్వాలి. ఆ తవ్విన మట్టిని కాలువకూ సరస్సుకూ మధ్య కట్టగా పోయాలి. అంటే కాలువ బయటి వైపు, కట్ట లోపలి వైపు. సరస్సులోకి వచ్చే ఏర్లన్నిటినీ ఈ కట్టతో మూసి, వాటి నీటిని చుట్టు కాలువలోకి మళ్లించాలి. చుట్టుపక్కల ఊళ్లు పడవల రాకపోకలు ఆగిపోతాయని గోలపెడతాయి కాబట్టి ఆ కాలువ పడవలు పోయేంత వెడల్పుండాలి. కట్ట పూర్తయ్యాక దాని మీద గాలిమరలు పెట్టి లోపలి నీటిని కాలువలోకి తోడితే, అక్కడి నుంచి లాకుల ద్వారా ఆ నీరు సముద్రానికి పోతుంది. లాకులు కూడా ఎప్పుడంటే అప్పుడు తెరవడానికి లేదు, బయట ఆటు ఉన్నప్పుడే తెరవాలి. పోటు సమయంలో, ఎదురుగాలి తుపానులో మూసి కూర్చోవాలి. అప్పుడు చుట్టు కాలువ నిండిపోయి మరలు ఆపేయాల్సి వస్తుంది, లోపల గాలి ఎంత బాగా వీస్తున్నా సరే.

చెప్పుకోవడానికి ఇది సులువు. 1610 జనవరి నాటికి పని చాలా ముందుకెళ్లింది. అప్పుడొచ్చిన తుపానుకి జౌడర్‌జే ఒడ్డున సముద్రపు కట్ట తెగింది, ఆ నీరు లోపలికి దూసుకొచ్చి, తోడినదంతా మళ్లీ నిండిపోయింది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, తెగింది ముందు బయటెక్కడో ఉన్న వేరేవాళ్ల కట్ట. నీ కట్ట ఎంత గట్టిగా పోసుకున్నా, పొరుగువాడి కట్ట బలహీనమైతే నువ్వూ మునుగుతావు. వాటాదారులు మళ్లీ డబ్బు వేసుకున్నారు, చుట్టు కట్ట ఎత్తు పెంచారు, మరల సంఖ్య పెంచారు. మొదట వేసిన అంచనా ఏమాత్రం చాల్లేదు, చివరికి 43 గాలిమరలు పెట్టాల్సివచ్చింది. 1612 మే 19న సరస్సు ఎండిందని ప్రకటించారు. మన దగ్గర హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా చనిపోయిన ఏడాదే అది.

మరల సంగతి కొంచెం దగ్గరగా చూడాలి, మేస్త్రీల తెలివి అంతా అందులోనే ఉంది. నీరు ఎత్తేది తెడ్ల చక్రం. పెద్ద చెక్క చక్రం చుట్టూ పలకలు బిగించి ఉంటాయి, ఇరుకైన ఇటుక గాడిలో అది తిరుగుతూ నీటిని ముందుకీ పైకీ తోస్తుంది. ఇలాంటి చక్రం ఒక మీటరు ఎత్తుకు బాగా పని చేస్తుంది, మహా అయితే మీటరున్నర. అంతకు మించితే పలకల పక్కల నుంచి నీరు వెనక్కి కారిపోతుంది, తిప్పిన శ్రమ వృథా. లోతు చూస్తే మూడున్నర మీటర్లు. అందుకని మరలను వరసగా మెట్లలా పెట్టారు. కింది మర నీటిని ఒక మడుగులోకి ఎత్తుతుంది, రెండోది అక్కడి నుంచి ఇంకో మడుగులోకి, ఆఖరుది చుట్టు కాలువలోకి.

ఈ మెట్ల పద్ధతిలో తంటా అంతా జతకట్టడంలోనే. పై మర మందగిస్తే మధ్య మడుగు పొంగి గట్టు కోసుకుపోతుంది. కింది మర మందగిస్తే పై మర ఖాళీగా తిరిగి పలకలు, పళ్ల చక్రాలు దెబ్బతింటాయి. గాలి దిక్కు మారినప్పుడు వరసలో మరలన్నిటినీ తిప్పుకోవాలి. ఉత్తర హాలండ్ మరల్లో టోపీ భాగాన్ని లోపల నుంచే చరఖా తిప్పి మళ్లిస్తారు, మిగతాచోట్ల బయట తోక దూలం ఉంటుంది. గడ్డకట్టే చలిలో చక్రం గాడిలో మంచు పేరుకుంటే మర కదలదు. మర కాపరి కుటుంబం మరలోనే కాపురముండేది. అర్ధరాత్రి గాలి లేస్తే అర్ధరాత్రే తెరచాపలు పరవాలి, అదే గాలి తుపానైతే వెంటనే చుట్టేయాలి. బ్రేకు వేసినా రెక్కలు ఆగకపోతే చెక్కకు చెక్క రాసుకుని మరకే నిప్పంటుకున్న సందర్భాలు డచ్ దేశంలో మామూలే.

నీరు పోయాక మిగిలింది బురద. పాదం పెడితే మోకాలి దాకా దిగే బురద. అందులో పొలాలు వెతుక్కోలేదు. కాగితం మీద ముందే గీసిన గళ్లను బురద మీదకు దించారు. లూకాస్ సింక్ లాంటి భూమి కొలిచే సర్వేయర్ల పని ఇది. ఒక్కో ఖండం 180 మీటర్ల వెడల్పు, 900 మీటర్ల పొడవు, అంటే సుమారు 40 ఎకరాలు. అయిదు ఖండాలు పక్కపక్కన పెడితే 900 మీటర్ల చదరం. అలాంటివి నాలుగు కలిపితే 1,800 మీటర్ల చదరం. చదరాల అంచున రోడ్డు, రోడ్డు పక్కన చెట్ల వరస, ఖండానికీ ఖండానికీ మధ్య బోదె. ప్రతి ఖండానికీ ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క నీటి కాలువ తగిలేలా చూశారు: ఒకటి పంట బయటికి పోవడానికి, రెండోది నీరు బయటికి పోవడానికి. 1612 జులై 30న వాటాదారులకు ఖండాలు చీట్లేసి పంచారు. అందానికి గీసిన గళ్లు అని కొందరు కవిత్వం చెబుతారు. కొంత నిజమే, ఆ రోజుల్లో చదరమంటే గొప్ప మోజు. కానీ ముఖ్య కారణం మాత్రం చీట్లే. ఖండాలన్నీ ఒకే కొలతలో లేకపోతే చీటీ తీసినవాడు ఊరుకోడు.

మిడెన్‌బేమ్‌స్టర్ ఆ గళ్ల మధ్యలో, రెండు ముఖ్యమైన రోడ్ల కూడలిలో, ఊరు కావాలి కాబట్టి పెట్టిన ఊరు. 1618-23 మధ్య చర్చి కట్టారు, నమూనా ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరుమోసిన వాస్తుశిల్పి హెండ్రిక్ డె కైజర్‌ది. కొత్త ఊరికి బడి పంతులుగా వచ్చిన ఒకాయనకు 1622లో కొడుకు పుట్టాడు. ఆ పిల్లాడే కారెల్ ఫాబ్రిషియస్, రెంబ్రాంట్ శిష్యుల్లో అందరికన్నా ప్రతిభావంతుడని చెప్పుకునే చిత్రకారుడు. గొలుసుతో కట్టిన చిన్న పిట్ట బొమ్మ గీసినవాడు. 1654లో డెల్ఫ్ట్ నగరంలో మందుగుండు గిడ్డంగి పేలినప్పుడు ముప్ఫై రెండేళ్లకే పోయాడు. నూరేళ్లు దాటాక, 1759లో, ఇరవై ఒక్కేళ్ల రచయిత్రి బేట్యే వోల్ఫ్ యాభై దాటిన పాస్టరు భార్యగా ఇక్కడి పాస్టరు ఇంటికొచ్చింది. భర్త పోయేదాకా, 1777 వరకు, ఇక్కడే ఉండి రాసింది. తర్వాత ఆగ్యే డేకెన్‌తో కలిసి రాసిన నవలను డచ్ భాషలో తొలి ఆధునిక నవలగా లెక్కిస్తారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

మదుపుదారులు కలగన్నది ధాన్యం, నూనెగింజలు. మొదట్లో అవే వేశారు, కొత్త ఒండ్రులో పంట బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ఒండ్రు ఎండేకొద్దీ పగుళ్లిచ్చి కిందికి దిగుతుంది. నేల దిగితే బోదెలో నీరు వేళ్లకు దగ్గరవుతుంది, గింజ పంటలు దెబ్బతింటాయి. నీటిమట్టం తగ్గించాలంటే మరిన్ని మరలు, మరింత ఖర్చు. తర్వాతి దశాబ్దాల్లో మరల సంఖ్య 50 దాకా పోయింది. అయినా 17వ శతాబ్దం గడిచేకొద్దీ చాలా పొలాలు పచ్చికగా మారిపోయాయి. కాళ్ల కింద తడి ఉన్నా ఆవుకు పట్టదు. ఈ ప్రాంతపు చీజ్ పేరు అక్కడి నుంచి వచ్చిందే తప్ప, ఎవరూ ముందు అనుకుని చేసిన పని కాదు.

ఆవుల వల్ల ఇళ్ల రూపం కూడా తేలింది. ఇక్కడి రైతు ఇంటికి నాలుగు పెద్ద స్తంభాల చతురస్రం గుండెకాయ. ఆ నాలుగు స్తంభాల మధ్య నేల నుంచి కప్పు దాకా ఎండుగడ్డి. ఒక పక్క ఆవులు, ముందు పక్క మనుషులు, అన్నిటి మీదా ఒకే పిరమిడ్ కప్పు. గడ్డి చలి నుంచి కాపాడుతుంది, మేతకు ఆమడ దూరం నడవక్కర్లేదు. దీని ప్రమాదం కూడా గడ్డిలోనే. సరిగ్గా ఆరని గడ్డిని దొంతి పెడితే లోపల సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి. ఆ వేడి బయటికి పోలేక పెరుగుతూ పోయి, 70 డిగ్రీలు దాటాక నిప్పు అంటించకుండానే అంటుకునే దశకు చేరుతుంది. మన గడ్డివాము ఊరి బయట తగలబడితే వామే పోతుంది, ఇక్కడైతే ఇల్లూ ఆవులూ కలిసి పోతాయి. అందుకే పొడవాటి ఇనప చువ్వను దొంతిలోకి గుచ్చి కాసేపుంచి, బయటికి లాగి చేత్తో పట్టుకు చూసేవాళ్లు. చువ్వ పట్టుకోలేనంత కాలితే గడ్డిని వెంటనే విప్పి ఆరబెట్టాలి. విప్పేటప్పుడు లోపలికి గాలి తగిలి భగ్గుమనే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్లు పక్కనే పెట్టుకోవాలి.

ఆ రైతుల ఒళ్లు ఎలా అరిగిందో కూడా మనకు తెలుసు. 2011లో చర్చి పక్కన కొత్త కట్టడం కోసం పాత శ్మశానం తవ్వాల్సివచ్చింది. లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్లు వందలాది అస్థిపంజరాలు తీసి చదివారు, ఎక్కువగా 19వ శతాబ్దపు మనుషులవి. పాదాల ఎముకలు పరిశీలించిన 130 మందికి పైగా పెద్దల్లో సుమారు 13 శాతం మందికి కీళ్ల దగ్గర చిన్న గుంటలు కనిపించాయి, ఎముక చిప్ప రేగిపోయినట్టు. మామూలుగా ఇది ఒక శాతం లోపే ఉంటుంది. పరిశోధకులు వేలెత్తి చూపింది చెక్క బూట్ల వైపు. చెక్క అడుగు వంగదు, దెబ్బను పీల్చుకోదు. పారను కాలితో తొక్కిన ప్రతిసారీ, గట్టి నేల మీద నడిచిన ప్రతిసారీ ఆ అదురు తిన్నగా మడమ మీదికీ వేళ్ల కీళ్ల మీదికీ పోతుంది. బురదలో పాదం తడవకుండా కాపాడిన బూటే ఎముకను కొరికింది. పళ్లలో మరో గుర్తు దొరికింది: పొగాకు పీల్చే మట్టి గొట్టాన్ని ఏళ్ల తరబడి ఒకేచోట కొరికిపట్టడం వల్ల పడిన గుండ్రటి గాట్లు.

19వ శతాబ్దం చివర్లో ఆవిరి పంపులు వచ్చి గాలిమరలను పక్కకు నెట్టాయి. ఆవిరికి గాలితో పని లేదు, ఒకే పంపు మూడు మెట్ల ఎత్తూ ఎత్తేస్తుంది. నీరు తోడే మరలు చూడాలని బేమ్‌స్టర్ వచ్చినవాళ్లు నిరాశపడతారు. వాటికోసం పశ్చిమాన పక్కనే ఉన్న స్ఖెర్మర్‌కు పోవాలి. 1635లో 52 మరలతో ఎండగట్టిన ఆ సరస్సు దగ్గర ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి.

ఆవిరి వచ్చిన రోజుల్లోనే సైన్యం కూడా వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ చుట్టూ కోటల వలయం కట్టినప్పుడు అందులో అయిదు బేమ్‌స్టర్‌లో పడ్డాయి. శత్రువు వస్తే చుట్టూ పొలాలను కావాలని ముంచేయడం ఆ పథకం. ముంచడమంటే మోకాలి లోతే: బండ్లు, ఫిరంగులు కదలలేనంత, పడవలు తేలలేనంత. పైకి ఒకే మట్టంగా కనిపించే నీటి కింద బోదెలు ఎక్కడున్నాయో శత్రువుకు తెలియదు, అడుగు తప్పితే నిలువునా మునగాలి. రెండున్నర శతాబ్దాలు నీరు తోడినవాళ్లు మళ్లీ నీరు పెట్టడానికి తూములు కట్టుకున్నారు. విమానాలు వచ్చాక ఈ లెక్కకు అర్థం పోయింది.

1999లో యునెస్కో బేమ్‌స్టర్ మొత్తాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాంతో 400 ఏళ్ల నాటి గళ్లను చెరపడానికి లేదు, బోదె పూడ్చి రెండు పొలాలు కలిపేసుకోవాలన్నా అనుమతులు కావాలి. 2022 జనవరి 1న బేమ్‌స్టర్ పురపాలన పక్కనున్న పుర్మెరెండ్ పట్టణంలో కలిసిపోయింది. నీటి పాలన మాత్రం దాంతోపాటు కలవలేదు, అది ఎప్పుడూ వేరే. మొదట భూస్వాముల పోల్డర్ మండలి (పోల్డర్ అంటే ఇలా కట్ట కట్టి నీరు తోడి తేల్చిన నేల), ఇప్పుడు ఉత్తర హాలండ్ రాష్ట్రంలో నార్త్ సీ కాలువకు ఉత్తరాన ఉన్న ప్రాంతానికంతటికీ ఒక జలమండలి. దానికి ప్రత్యేకంగా ఎన్నికలు, ప్రత్యేకంగా పన్ను. ఇక్కడ వాన ఆవిరైపోగా ఏటా 30 సెంటీమీటర్ల నీరు మిగులుతుందనుకుంటే, ముక్కాలు టీఎంసీ తోడిపోయాలి, ఊటనీరు కాక.

ఇప్పటి తగాదాలు బోదెల్లో నీటిమట్టం దగ్గరే. పచ్చిక రైతుకు బోదె కాస్త నిండుగా ఉన్నా ఫర్వాలేదు. పూల దుంపలు, కూరగాయలు వేసేవాడికి నీరు లోతులో ఉండాలి. పాత ఇళ్ల చెక్క పునాదులకు నీరు దిగితే ముప్పు: తడిలో ఉన్నంతకాలం చెడని దుంగలు గాలి తగిలితే బూజుపట్టి కుళ్లుతాయి. అందుకని ఒకే పోల్డర్‌ను చిన్న చిన్న అరలుగా విడగొట్టి, అరకో మట్టం, దానికో తూము పెట్టుకున్నారు. ఎండాకాలం వర్షం లేకపోతే లెక్క తిరగబడుతుంది. లోతుగా తోడేకొద్దీ అడుగున ఉన్న పాత ఉప్పునీరు పైకి ఊరుతుంది, దాన్ని కడగడానికి చుట్టు కాలువ నుంచి మంచినీటిని లోపలికి వదలాలి. చుట్టుపక్కల పీట్ నేలల్లో కట్టల సంగతి ఇంకో తలనొప్పి. 2003 ఆగస్టులో ఉట్రెఖ్ట్ రాష్ట్రంలోని విల్నిస్ దగ్గర వరద లేదు, తుపాను లేదు. ఎండకు పీట్ కట్ట బరువు కోల్పోయి పక్కకు జరిగిపోయింది, కాలువ నీరు ఇళ్లలోకి వచ్చింది. అప్పటి నుంచి పొడి వేసవుల్లో జలమండలి మనుషులు కట్టల వెంట నడిచి పగుళ్లు చూస్తారు, అవసరమైతే కట్ట మీద నీళ్లు చల్లి తడుపుతారు.